మందులు రాసే నర్సు: బ్రిటన్‌లో కమ్యూనిటీ సైకియాట్రిక్ నర్సుల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లండులో చదువుకుంటున్న కొడుక్కి మనసు బాగోలేదని ఫోను వస్తుంది. తేరుకునేలోపే ఇంకో మాట: మందులు రాసింది డాక్టరు కాదట, ఇంటికి వచ్చిన నర్సట. గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న తల్లిదండ్రులను ఒక్కోసారి ఈ రెండో మాటే ఎక్కువ కంగారు పెడుతుంది. అలా కంగారు పడేవారి కోసం, అక్కడ నర్సులుగా పనిచేస్తూ ఈ అర్హత సంపాదించాలనుకుంటున్న తెలుగువారి కోసం ఈ పేజీ. ఇది చదివి ఎవరూ తమ మందులు మార్చుకోవద్దు. ఆ పని మీ వైద్య బృందంతో మాట్లాడాకే.

కమ్యూనిటీ సైకియాట్రిక్ నర్సు అంటే ఎవరు?

మానసిక వ్యాధుల సంరక్షణ ప్రత్యేకంగా చదువుకుని, ఆసుపత్రి వార్డులో కాక రోగి ఉన్నచోటికి వెళ్ళి చూసే నర్సు. ఆ చోటు ఇల్లు కావచ్చు, హాస్టలు గది కావచ్చు, ఇంట్లో మాట్లాడటం ఇష్టం లేనివారికి పార్కు బెంచీ కూడా కావచ్చు. ఇప్పుడు అధికారికంగా 'కమ్యూనిటీ మెంటల్ హెల్త్ నర్సు' అంటున్నారు గానీ, సీపీఎన్ అనే పాత పొట్టి పేరు జనం నోట ఇంకా పోలేదు.

మన దగ్గర నర్సింగ్ డిగ్రీ అందరికీ ఒక్కటే, సైకియాట్రీ అందులో ఒక భాగం. బ్రిటన్‌లో మొదటి నుంచే దారులు వేరు. పెద్దలు, పిల్లలు, అభ్యసన వైకల్యం, మానసిక ఆరోగ్యం అని నాలుగు శాఖలుంటాయి. మూడేళ్ళు మానసిక ఆరోగ్యమే చదివినవారు ఈ నర్సులు. ఆ సంగతి తెలిస్తే సగం కంగారు తగ్గుతుంది.

నర్సు మందులు రాయడం చట్టబద్ధమేనా?

చట్టబద్ధమే, అయితే అందరు నర్సులకూ కాదు. అదనపు శిక్షణ పూర్తిచేసి, నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ రిజిస్టరులో 'ప్రిస్క్రైబర్' అని నమోదైనవారికే ఆ అధికారం ఉంటుంది. వారు రాసిన చీటీ మందుల షాపులో డాక్టరు చీటీతో సమానంగా చెల్లుతుంది. పైన డాక్టరు సంతకం అవసరం లేదు.

ఈ అధికారం ఎప్పుడు, ఎలా వచ్చింది?

1954లో లండన్‌కు దక్షిణాన ఉన్న వార్లింగ్‌హామ్ పార్క్ మానసిక వైద్యశాల ఇద్దరు నర్సులను వార్డు గడప దాటించి, ఇళ్ళకు చేరిన రోగులను చూసి రమ్మని పంపింది. కమ్యూనిటీ సైకియాట్రిక్ నర్సు కథ అక్కడ మొదలైంది. అదే దశాబ్దంలో సైకోసిస్‌ను (భ్రమలు, లేని గొంతులు వినిపించడం వంటివి) అదుపు చేసే క్లోర్‌ప్రొమజిన్ అనే మందు వచ్చింది. ఏళ్ళ తరబడి వార్డుల్లో మగ్గినవారు ఇంటిముఖం పట్టారు. 1960ల చివరికి కొన్ని వారాలకు ఒకసారి వేస్తే సరిపోయే ఫ్లూఫెనజిన్ డిపో ఇంజెక్షన్లు కూడా వచ్చేసరికి, సిరంజి పెట్టెతో ఇల్లిల్లూ తిరగడం ఈ నర్సుల పనిగా స్థిరపడింది.

దానితోపాటే ఒక వింత పరిస్థితి కూడా మొదలైంది. రోగి చేతులు వణుకుతున్నాయనీ, నడక బిగుసుకుపోయిందనీ, రోజంతా మగతగా ఉంటున్నాడనీ ముందు గమనించేది ఇంటికి వెళ్ళే నర్సు. మోతాదు కాస్త తగ్గిస్తే మేలని తెలిసేదీ నర్సుకే. డాక్టరుకు ఫోను చేసి చెబితే ఆయన సరేనని సంతకం పెట్టేవారు. రోగిని ఆయన చూసి రెండు నెలలు దాటి ఉండేది. ఆలోచన ఒకరిది, సంతకం ఒకరిది. మందులు రాసే అధికారం నర్సుకు 'ఇచ్చారు' అన్న మాట నాకు అంతగా నచ్చకపోవడానికి ఇదే కారణం. చాలా కాలంగా జరుగుతున్నదాన్ని చట్టం ఆలస్యంగా ఒప్పుకుంది, అంతే.

ఆ ఆలస్యం చిన్నది కాదు. 1986లో జూలియా కంబర్‌లెజ్ నాయకత్వంలోని బృందం నర్సులకు కొన్ని మందులు రాసే వీలు కల్పించాలని సూచించింది. 1989లో డాక్టర్ జూన్ క్రౌన్ నివేదిక దాన్ని బలపరిచింది. 1992లో చట్టం వచ్చింది. 1994లో ఎనిమిది చోట్ల ప్రయోగం మొదలుపెట్టినా, అది జిల్లా నర్సులకూ, చిన్నపిల్లల ఇళ్ళకు వెళ్ళే హెల్త్ విజిటర్లకూ మాత్రమే పరిమితం. రాయగలిగినవి కూడా గాయాల కట్లు, పూతమందులు, విరేచనానికి ఇచ్చేవి వంటి కొద్దిపాటి సరుకే. మానసిక ఆరోగ్య నర్సులకు నిజంగా పనికివచ్చే తలుపు 2003లో సగం తెరుచుకుంది, 2006 మే నెలలో పూర్తిగా తెరుచుకుంది. ఎక్కువ నియంత్రణలో ఉండే కంట్రోల్డ్ మందులు మాత్రం చాలావరకు 2012 దాకా ఆగాయి.

సగం తెరుచుకోవడం అంటే ఏమిటి?

రెండు పద్ధతులున్నాయి. 2003లో వచ్చినది అనుబంధ పద్ధతి. జబ్బు ఏమిటో డాక్టరు నిర్ణయిస్తారు. తర్వాత డాక్టరు, నర్సు, రోగి ముగ్గురూ ఒప్పుకుని ఒక చికిత్సా ప్రణాళిక రాసుకుంటారు. ఏ మందులు, ఎంత మోతాదు నుంచి ఎంత మోతాదు దాకా, ఏ లక్షణం కనిపిస్తే మళ్ళీ డాక్టరు దగ్గరికి పంపాలి అన్నవన్నీ అందులో ఉంటాయి. ఆ గీత లోపల నర్సు సొంతంగా రాయవచ్చు. ముగ్గురిలో రోగి ఒప్పుకోకపోయినా ఆ ప్రణాళిక చెల్లదు.

2006లో వచ్చినది స్వతంత్ర పద్ధతి. ఇందులో నర్సే రోగిని పరీక్షించి, నిర్ణయించి, మందు రాసి, బాధ్యత కూడా తానే వహిస్తారు. గీత గీసేది ప్రణాళిక కాదు, తన సామర్థ్యం. తెలియని రంగంలో మందు రాసే నర్సు చట్టం అనుమతించినా వృత్తి నియమాన్ని మీరినట్టే. ఒకే కోర్సు రెండు అర్హతలనూ ఇస్తుంది. అనుబంధ పద్ధతి ఇప్పటికీ చట్టంలో ఉంది. కొత్తగా అర్హత పొందినవారికి, చిక్కు కేసులకు అది మంచి ఊతకర్ర.

మా ఇంటికి వచ్చే నర్సుకు ఆ అర్హత ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

అడగండి. అడిగితే ఏమనుకుంటారో అన్న మొహమాటం అక్కర్లేదు, ఆ దేశంలో అది మామూలు ప్రశ్న. కౌన్సిల్ రిజిస్టరు ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడవచ్చు, పేరుతో వెతికితే ప్రిస్క్రైబర్ అర్హత ఉంటే కనిపిస్తుంది. కమ్యూనిటీ బృందంలో చాలామంది నర్సులకు ఈ అర్హత ఉండదు. వారు ఇంజెక్షను వేస్తారు, మాత్రలు అందిస్తారు, మందు పని చేస్తున్నదో లేదో చూస్తారు. వేయడం వేరు, రాయడం వేరు.

శిక్షణ ఏ పాటిది? నాలుగు వారాల సర్టిఫికెట్టా?

కాదు. వీ300 అనే కోర్సు విశ్వవిద్యాలయంలో ఉంటుంది. 2018 ప్రమాణాల ప్రకారం నర్సుగా నమోదై కనీసం ఏడాది పూర్తయినవారే చేరవచ్చు, అంతకు ముందు మూడేళ్ళు ఉండాలనేవారు. సాధారణంగా ఆరు నెలలో, అంతకు కొంచెం ఎక్కువో పడుతుంది. క్లాసులతోపాటు, మందులు రాయడంలో అనుభవమున్న ఒకరి పర్యవేక్షణలో పని నేర్చుకోవాలి. ఫార్మకాలజీ పరీక్షలో కనీసం 80 శాతం, మోతాదు లెక్కల పరీక్షలో నూటికి నూరు రావాలి. లెక్కల్లో 99 వచ్చినా తప్పినట్టే. అది కఠినమని విద్యార్థులు గొణుగుతారు గానీ, దశాంశ బిందువు ఒక్క స్థానం జరిగితే ఏమవుతుందో తెలిసినవారు గొణగరు.

ఏ మందులైనా రాసేయవచ్చా?

చట్టం ప్రకారం దాదాపు ఏవైనా. మినహాయింపులు ముఖ్యంగా వ్యసన చికిత్సలో ఉన్నాయి. వ్యసనం నుంచి బయటపడేయడానికి డయామార్ఫిన్, కొకైన్, డిపిపనోన్ రాసే అధికారం నర్సుకు లేదు. ఆచరణలో ప్రతి ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ వైద్య సేవ) ట్రస్టుకూ, అంటే స్థానికంగా ఆ సేవను నడిపే సంస్థకూ, సొంత నిబంధనలుంటాయి, అవి చట్టం కన్నా ఇరుకుగా ఉంటాయి. కుంగుబాటు మందులు, సైకోసిస్ మందులు, ఏడీహెచ్‌డీకి (ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం) ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్, మతిమరుపు క్లినిక్కుల్లో డొనెపెజిల్ వంటివి ఈ నర్సులు ఎక్కువగా రాసే మందులు.

కొన్ని మందుల దగ్గర మాత్రం ఎవరైనా నెమ్మదించాల్సిందే.

ఉదాహరణకు క్లోజపిన్ సంగతి చూడండి. వేరే మందులకు లొంగని స్కిజోఫ్రీనియాకు దానికి సాటి లేదు, కానీ అరుదుగా తెల్లరక్తకణాలను ప్రమాదకరంగా తగ్గిస్తుంది. అందుకే బ్రిటన్‌లో మొదటి 18 వారాలు వారం వారం, ఏడాది నిండేదాకా రెండు వారాలకొకసారి, ఆ తర్వాత నాలుగు వారాలకొకసారి రక్తపరీక్ష చేయిస్తూ వచ్చారు. దానితో వచ్చే మలబద్ధకం ఇబ్బంది మాత్రమే కాదు, ప్రాణాంతకం కావచ్చు. అది రోగి తనంతట తాను చెప్పడు, అడగాలి. ఇంకో సంగతి: సిగరెట్లు తాగే వ్యక్తి ఉన్నట్టుండి మానేస్తే రక్తంలో క్లోజపిన్ పెరిగిపోతుంది. 'మంచిదే, సిగరెట్లు మానేశాడు' అని ఇంటిల్లిపాదీ సంతోషిస్తున్నప్పుడు నర్సు మోతాదు గురించి ఆలోచించాలి.

మూడ్ విపరీతమైన హెచ్చుతగ్గులను అదుపు చేసే లిథియంలో వైద్యం చేసే స్థాయికీ విషమయ్యే స్థాయికీ మధ్య దూరం తక్కువ. మొదటి ఏడాది మూడు నెలలకొకసారి రక్తంలో స్థాయి చూస్తారు, మూత్రపిండాలు, థైరాయిడ్ పరీక్షలు కూడా ఉంటాయి. మూర్ఛకూ, మూడ్ హెచ్చుతగ్గులకూ ఇచ్చే వాల్‌ప్రోయేట్ గర్భంలోని శిశువుకు హాని చేస్తుంది. 2024 జనవరి 31 నుంచి 55 ఏళ్ళలోపు వారికి, ఆడవారైనా మగవారైనా, దాన్ని కొత్తగా మొదలుపెట్టాలంటే ఇద్దరు స్పెషలిస్టులు విడివిడిగా చూసి వేరే దారి లేదని ఒప్పుకోవాలి. ఇక్కడ ఒక్క నర్సు సంతకమే కాదు, ఒక్క డాక్టరు సంతకమూ చాలదు.

ఇంటికి వచ్చి చూసి మందు రాయడానికీ, క్లినిక్‌లో రాయడానికీ తేడా ఏమిటి?

నా దృష్టిలో అసలు విషయం ఇదే.

క్లినిక్కుకు రోగి తయారై వెళ్తాడు. పది నిమిషాలు బాగా మాట్లాడగలడు. 'మందులు వేసుకుంటున్నారా?' అంటే 'ఆ, వేసుకుంటున్నాను' అంటాడు. డాక్టరు అది నమ్మి, వ్యాధి తగ్గలేదు కాబట్టి మోతాదు పెంచుతారు. ఇంటికి వెళ్ళిన నర్సుకు టీ డబ్బా వెనుక విప్పని మాత్రల అట్టలు కనిపిస్తాయి. అప్పుడు పెంచాల్సింది మోతాదు కాదు, ఎందుకు వేసుకోవడం లేదో అడిగి తెలుసుకోవాలి. బరువు పెరిగాననీ, భార్యతో దగ్గరగా ఉండలేకపోతున్నాననీ, పొద్దున్నే లేచి పనికి వెళ్ళలేకపోతున్నాననీ జవాబు రావచ్చు. ఆ మాటలు రెండో భేటీలో రావు, ఏడో భేటీలోనో ఎనిమిదో భేటీలోనో వస్తాయి. అందుకే మందు మార్చే అధికారం ఆ ఎనిమిదో భేటీలో అక్కడ కూర్చున్న మనిషి దగ్గరే ఉంటే మేలు.

ఇంకా చూడాల్సినవి ఉంటాయి. ఫ్రిజ్‌లో తిండి ఉందా, కరెంటు బిల్లు కట్టారా, కర్టెన్లు పట్టపగలు మూసి ఉన్నాయా, ఎదురింటివాళ్ళు తన గురించే మాట్లాడుతున్నారని భయపడుతున్నాడా. ఇవి చీటీ మీద రాయరు, కానీ చీటీ మీద ఏం రాయాలో ఇవే చెబుతాయి. సైకోసిస్ మందు కొత్తగా మొదలుపెట్టినప్పుడు మొదటి ఆరు వారాలు వారం వారం బరువు చూడాలని బ్రిటిష్ మార్గదర్శకాలు చెబుతాయి. ఆ తర్వాత 12వ వారంలో, ఏడాదికి ఒకసారి రక్తపోటు, చక్కెర, కొవ్వు పరీక్షలు. వారం వారం రోగి ముఖం చూసేవారే అది నికరంగా చేయగలరు.

నర్సులు మందులు ఎక్కువగా రాస్తారా, తక్కువగా రాస్తారా?

ఈ ప్రశ్నలో మందు రాయడమంటే కొత్త మందు చేర్చడమే అన్న ఊహ ఉంది. కలం చేతిలో ఉన్న మంచి నర్సు పనిలో పెద్ద వాటా తగ్గించడం, ఆపడం, వేళ మార్చడం. ఉదయం వేసుకునే మాత్రను రాత్రికి మారిస్తే మగత తగ్గి ఉద్యోగం నిలబడిన సందర్భాలు ఈ వృత్తిలో ఎవరిని అడిగినా చెబుతారు. అలాగని, తీసుకున్న కోర్సుకు న్యాయం చేయాలన్న ఉబలాటంతో అవసరం లేని చోట రాసే ప్రమాదం లేదని కూడా అనను. ఎవరైనా మనుషులే.

డాక్టర్లు చాలక పెట్టిన సర్దుబాటు కాదా ఇది?

కొంత నిజం. సైకియాట్రిస్టుల ఖాళీలు లేకపోతే ప్రభుత్వాలు ఇంత ఉత్సాహం చూపేవి కావేమో. కానీ సర్దుబాటు అయినంత మాత్రాన నాసిరకం కానక్కర్లేదు. వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్ష 2016లో 46 అధ్యయనాలను కలిపి చూసి, డాక్టర్లు కాని శిక్షితులు మందులు రాసినప్పుడు రక్తపోటు, చక్కెర, కొలెస్టరాల్ నియంత్రణ వంటి ఫలితాలు డాక్టర్లు రాసినవాటికి దీటుగానే ఉన్నాయని తేల్చింది. అయితే అవి ఎక్కువగా శరీర సంబంధ దీర్ఘవ్యాధుల మీద జరిగినవి. కంటికి కనిపించే అంకెతో కొలవలేని సైకోసిస్‌కు ఆ ఫలితాన్ని యథాతథంగా అంటగట్టడం తొందరపాటు.

అసలు అభ్యంతరం నర్సుల్లో కూడా ఉంది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. రోగి పక్కన కూర్చుని వినే మనిషికి చీటీ పుస్తకం ఇస్తే, వినడం తగ్గి రాయడం పెరుగుతుందని వారి భయం. 'మందు గురించి నాకున్న కోపం డాక్టరు మీద చూపించి, ఓదార్పు నర్సు దగ్గర వెతుక్కునేవాణ్ణి, ఇప్పుడు ఇద్దరూ ఒకరే అయితే ఎవరి దగ్గరికి పోవాలి' అని ఒక రోగి అడిగితే జవాబు చెప్పడం కష్టం. జీతం పెంచకుండా బాధ్యత పెంచారన్న ఫిర్యాదు కూడా ఉంది. కోర్సు చేసి, బృందంలో పర్యవేక్షణ దొరకక, ఒక్క చీటీ కూడా రాయని నర్సులున్నారు.

నర్సు వద్దు, డాక్టరే చూడాలి అనవచ్చా?

అనవచ్చు. వేచి ఉండాల్సి రావచ్చు గానీ, అడిగే హక్కు ఉంది. అలాగే నర్సు రాసిన మందు వద్దనే హక్కు కూడా ఉంది. నిర్ణయం తీసుకునే సామర్థ్యం ఉన్న పెద్దవారి అంగీకారం లేకుండా, చట్టపరమైన నిర్బంధం లేనప్పుడు, ఎవరూ మందు ఇవ్వకూడదు.

నర్సు బలవంతంగా ఆసుపత్రికి పంపగలరా? ఇంట్లో బలవంతంగా ఇంజెక్షను వేయగలరా?

రెండూ లేవు. ఇంగ్లండు, వేల్సుల్లో 1983 మెంటల్ హెల్త్ చట్టం కింద నిర్బంధ చికిత్సకు పంపాలంటే మామూలుగా ఇద్దరు డాక్టర్ల సిఫారసు కావాలి. మామూలు నర్సుకు ఉన్న నిర్బంధ అధికారం ఒక్కటే: ఆసుపత్రిలో ఇప్పటికే చికిత్స పొందుతున్న మానసిక రోగిని, డాక్టరు వచ్చేలోపు గరిష్ఠంగా ఆరు గంటలు ఆపడం. ఇళ్ళకు దానితో సంబంధం లేదు.

కమ్యూనిటీ ట్రీట్‌మెంట్ ఆర్డర్ అనేది 2008 నుంచి ఉంది. షరతులతో ఇంటికి పంపి, అవసరమైతే ఆసుపత్రికి తిరిగి పిలిపించుకునే ఏర్పాటు అది. దాని కింద ఉన్నా, నిర్ణయం తీసుకునే సామర్థ్యం ఉండి వద్దంటున్న మనిషికి ఇంట్లో బలవంతంగా సూది వేయకూడదు. ఇంకో తక్కువ తెలిసిన విషయం: 2007 సవరణ తర్వాత అర్హత పొందిన నర్సు కూడా 'అప్రూవ్డ్ క్లినీషియన్' అయి, నిర్బంధంలో ఉన్న రోగి చికిత్సకు పూర్తి బాధ్యత వహించవచ్చు. అలాంటివారు కొద్దిమందే.

డిపో ఇంజెక్షన్లన్నీ ఇంట్లోనే వేస్తారా?

చాలావరకు ఇంట్లోనో, క్లినిక్‌లోనో. ఓలాంజపిన్ డిపో మాత్రం ఇంట్లో వేయరు. అది వేసిన తర్వాత అరుదుగా మందు ఒక్కసారిగా రక్తంలోకి చేరి రోగి స్పృహ తప్పవచ్చు. అందుకే మూడు గంటలు ఆరోగ్య కేంద్రంలోనే కూర్చోబెట్టి చూస్తారు.

మా అబ్బాయిని చూసే నర్సుకు మేం ఫోను చేస్తే మాతో ఏమీ చెప్పడం లేదు. ఇదేం పద్ధతి?

కోపం అర్థమవుతుంది. మన దగ్గర అయితే డాక్టరు రోగిని బయట కూర్చోబెట్టి నాన్నగారితో మాట్లాడతారు. అక్కడ పద్దెనిమిది దాటిన మనిషి వివరాలు ఆయన అనుమతి లేకుండా కన్నవారికి కూడా చెప్పరు. అయితే చాలామందికి తెలియనిది ఒకటుంది: చెప్పడానికి అనుమతి కావాలి, వినడానికి అక్కర్లేదు. 'మా వాడు చిన్నప్పుడు ఇలా ఉండేవాడు, మా అన్నయ్యకూ ఇలాంటి జబ్బే ఉండేది, పోయినసారి ఫలానా మందు పడలేదు' అని మీరు చెబితే నర్సు వినవచ్చు, రాసుకోవచ్చు. మందు ఎంచుకోవడంలో ఈ సమాచారం ఎంతో విలువైనది.

భాష సమస్య ఉంటే?

దుబాసీ కావాలని అడగండి, ఎన్‌హెచ్‌ఎస్ ఉచితంగా ఏర్పాటు చేస్తుంది. కోడలినో మనవరాలినో దుబాసీగా పెట్టుకోవడం సులువుగా కనిపిస్తుంది గానీ, అత్తగారు తన మనసులో మాట కోడలి నోటితో చెప్పించుకోదు. 'గుండె దడ', 'ఒంట్లో వేడి', 'తల బరువు', 'గాలి సోకింది' వంటి మాటలు మాటకు మాటగా అనువదిస్తే గుండెజబ్బు పరీక్షలకో, తప్పు మందుకో దారితీస్తాయి. ఆ మాట వెనుక దిగులుందా, భయముందా అని ఇంకో ప్రశ్న అడిగించాలి.

ఊరి నుంచి తెప్పించుకున్న అశ్వగంధ లేహ్యాలు, ఆకుమందులు, నిద్రమాత్రలు ఉంటే దాచకుండా చెప్పండి. నర్సు తిట్టరు.

మందులు వాడుతూ ఇండియాకు వస్తున్నాం. ఏం చూసుకోవాలి?

సెలవుకు నెల ముందే నర్సుతో మాట్లాడండి. లిథియం వాడేవారు మే నెలలో విజయవాడ ఎండకు దిగితే చెమటతో నీరు, ఉప్పు పోయి మందు రక్తంలో పేరుకోవచ్చు. వాంతులు, విరేచనాలు పట్టుకున్నా అంతే. ఒళ్ళు నొప్పులని షాపులో ఐబుప్రొఫెన్ కొని వేసుకుంటే ఇంకా ప్రమాదం. చేతులు బాగా వణకడం, మాట తడబడటం, నడక తూలడం కనిపిస్తే ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. క్లోజపిన్ రెండు రోజులకు మించి ఆగిపోతే పాత మోతాదుతో మళ్ళీ మొదలుపెట్టకూడదు, తక్కువ మోతాదు నుంచి ఎక్కించాలి. కాబట్టి మందులు చెక్-ఇన్ సామానులో కాక చేతిసంచీలో పెట్టుకోండి. ఏ మందు, ఎంత మోతాదు, ఎందుకు అన్నది వివరించే ఉత్తరం బృందం నుంచి తీసుకోండి. బ్రాండు పేరు కాక మందు అసలు పేరు ఉండాలి, బ్రాండులు దేశానికొకటి.

ఆ నర్సు చీటీ మన మెడికల్ షాపులో చెల్లుతుందా?

చెల్లదు. భారత నిబంధనల ప్రకారం ఈ మందులు రిజిస్టర్డ్ వైద్యుని చీటీ మీదే అమ్మాలి. బ్రిటన్ ఉత్తరం చూపించి ఇక్కడి సైకియాట్రిస్టుతో కొత్త చీటీ రాయించుకోవడమే దారి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో నర్సులు మానసిక వ్యాధులకు మందులు రాయవచ్చా?

రాయకూడదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 106వ సెక్షను, తన వృత్తి పరిధి అనుమతించని మందునో చికిత్సనో వైద్యులు గానీ, మానసిక ఆరోగ్య నిపుణులు గానీ ఎవరూ సూచించరాదని స్పష్టంగా చెబుతుంది. 2019 జాతీయ వైద్య కమిషన్ చట్టంలో 'కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్' అనే పరిమిత లైసెన్సు ప్రస్తావన ఉంది గానీ, అది ప్రాథమిక, నివారణ వైద్యం గురించి. సైకియాట్రిక్ నర్సు ఊసు అందులో లేదు.

చీటీ లేకపోయినా ఇంటింటికీ వెళ్ళే పనికి మన నేల మీద పునాది ఉంది. 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో మొదట ప్రారంభమైన నాలుగు జిల్లాల్లో మెదక్ ఒకటి. ఆ కార్యక్రమం కింది బృందాల్లో సైకియాట్రిక్ నర్సుకు స్థానముంది. డాక్టరు రాసిన మందు ఊళ్ళో రోగికి అందుతున్నదా, వేసుకుంటున్నాడా, పడుతున్నదా అని చూసే మనిషి లేక ఎందరో మళ్ళీ మొదటికి వస్తున్నారు. చీటీ రాసే అధికారం కన్నా ముందు అలా వెళ్ళి చూసే నర్సు పోస్టులు నిండాలన్నది నా అభిప్రాయం. బ్రిటన్‌లో కూడా తిరగడం మొదలైన యాభై ఏళ్ళకు గానీ రాయడం పూర్తిగా రాలేదు.

ఇండియాలో నర్సింగ్ చదివినవారు బ్రిటన్ వెళ్ళి ఈ అర్హత పొందవచ్చా?

పొందవచ్చు. ముందు ఇంగ్లీషు పరీక్ష, కంప్యూటర్ పరీక్ష, ఆస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష దాటి కౌన్సిల్‌లో నమోదు కావాలి. మనవారిలో ఎక్కువమంది 'పెద్దల నర్సింగ్' శాఖలో నమోదవుతారు. మానసిక ఆరోగ్య శాఖకు పరీక్ష వేరు, సైకియాట్రీ వార్డు అనుభవం ఉన్నవారు ఆ దారి గురించి ఏజెంటును ముందే గట్టిగా అడగాలి. నమోదై ఏడాది దాటాక, మీ విభాగం ఒప్పుకుని, పర్యవేక్షించేవారు దొరికితే వీ300కు దరఖాస్తు చేయవచ్చు. తొందర పడకండి. మందుల పేర్లు రావడం కన్నా, అక్కడి రోగి 'ఐయామ్ ఫైన్' అన్నప్పుడు బాగున్నాడా లేదా అని పసిగట్టడం రావడానికి ఎక్కువ కాలం పడుతుంది.

మందులకు ఖర్చు ఎంత?

ఇంగ్లండులో 2024 మేలో ఒక్కో మందుకు 9.90 పౌండ్లు చేశారు, ఎవరు రాసినా ఒకటే. తక్కువ ఆదాయం వంటి కొన్ని మినహాయింపులున్నాయి. స్కాట్లండు, వేల్సు, ఉత్తర ఐర్లండుల్లో ఉచితం.

నర్సు రాసిన మందు వికటిస్తే బాధ్యత ఎవరిది?

రాసినవారిదే. డాక్టరు చాటున దాక్కునే వీలు స్వతంత్ర పద్ధతిలో లేదు. నష్టపరిహారం వంటివి యజమాని అయిన ట్రస్టు చూసుకుంటుంది, వృత్తిపరమైన విచారణ కౌన్సిల్ చేస్తుంది. దుష్ప్రభావం కనిపిస్తే 1964 నుంచి ఉన్న ఎల్లో కార్డ్ పథకానికి ఎవరైనా నివేదించవచ్చు. నర్సు, డాక్టరే కాదు, రోగి గానీ, రోగి తల్లి గానీ రాయవచ్చు.

రాత్రిపూట పరిస్థితి విషమిస్తే నర్సుకు ఫోను చేయాలా?

కమ్యూనిటీ నర్సులు సాధారణంగా పగటి వేళల్లోనే ఉంటారు, వారి ఫోనుకు సందేశం వదిలి ఎదురు చూడవద్దు. ఇంగ్లండులో 111కు ఫోను చేసి మానసిక ఆరోగ్యానికి 2 నొక్కితే ఏ వేళైనా స్థానిక క్రైసిస్ బృందం పలుకుతుంది. ప్రాణం మీదికి వస్తే 999. ఇండియాలో ఉన్న కుటుంబ సభ్యులకు తమకే తోడు కావాలనిపిస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు. అక్కడ ఉన్న పిల్లవాడి ఇంటి చిరునామా, పిన్‌కోడు, జీపీ (ఫ్యామిలీ డాక్టరు) క్లినిక్ పేరు, నర్సు బృందం ఆఫీసు నంబరు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించుకోండి. అర్ధరాత్రి అవి వెతుక్కునే పరిస్థితి రాకూడదు.